వర్షారణ్య విజ్ఞానయాత్ర: ఒక విమర్శ

కేరళలోని పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ జాతీయోద్యానము కలదు. ఉష్ణమండల వర్షారణ్యమును గూర్చి పాఠము చదివిన విద్యార్థులను అచ్చటికి గొనిపోవుట మెచ్చదగిన పనియే. కాని అట్టి యాత్రలు తరచుగా సాగు తీరు మాత్రము విమర్శింపదగి యున్నది.

విద్యార్థి బృందము ముక్కాలి వద్ద వాహన మెక్కి, సుమారు 23 కిలోమీటర్లు పోయి, సైరంధ్రి వద్ద దిగును. అందరు గోపుర మెక్కి పచ్చని లోయను, కుంతి నదిని చూతురు, ఛాయాచిత్రములు తీసికొందురు. తిరిగి వచ్చి వ్రాయు నివేదికలో చెట్ల పేర్లు, జంతువుల పేర్లు వరుసగా నుండును. వానిలో చాల భాగము కంట చూచినవి కావు. ఎవరో చెప్పగా విన్నవి.

ఒక ఉదాహరణము చాలును. కీచురాళ్ళ రొద లేనందున ఈ లోయకు 'నిశ్శబ్దపు లోయ' అను పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ మాట యథాతథముగా నివేదికలకెక్కును. పది నిమిషములు చెవి యొగ్గి నిలిచి, ఆ రొద వినబడినదా లేదా, ఏ వేళ వినబడినది అని వ్రాసికొను విద్యార్థి అరుదు. ఒకనాడు వినబడనంత మాత్రమున కీచురాళ్ళు లేవని తేలదు. ఒక్కసారి వినబడినచో అవి లేవను మాట నిలువదు. శాస్త్రపద్ధతిని నేర్పుటకు ఇంతకంటె సులభమైన పాఠ మేది?

చెట్లను, జంతువులను వేరువేరు జాబితాలుగా వ్రాయుటయు లోపమే. నల్లని మేను, ముఖము చుట్టు బూడిదవన్నె జూలు గల సింహపు తోక కోతి ఈ అడవిలో నున్నది. కల్లేనియా అను వృక్షపు పూవులు, కాయలు దానికి ముఖ్యాహారము. అది ఎక్కువ కాలము కొమ్మలపైననే గడపును. కనుక కొమ్మలు కలియని చోట దాని దారి తెగును. ఈ సంబంధము జాబితాలో కనబడదు.

ఇట్టి పరిశీలన కోరుట చాదస్తము కాదు. కుంతి నదిపై జలవిద్యుత్ పథకమునకు 1973లో ఆమోదము లభించెను. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు దాని లాభనష్టములను విచారించి 1979లో ఒక గ్రంథమును ప్రకటించెను. పెక్కు వాదోపవాదముల పిమ్మట 1983లో పథకము విరమింపబడెను. 1984లో లోయ జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. పరిశీలించి మాటలాడినవారు లేకున్న ఆ వాదమునకు బలము చేకూరెడిది కాదు. అట్టి తావునకు పోయి విన్నమాటలు వ్రాసికొని వచ్చుట తగదు.

తెలుగునాట అడవులు చాలవరకు ఆకురాల్చునవి. ఎండకాలమున నల్లమలను చూచిన విద్యార్థికి, అదే ఋతువున పచ్చగా నున్న వర్షారణ్యము ఒక ప్రశ్నగా తోచును. ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నను బయలుదేరుటకు ముందే రేకెత్తింపవలెను. ఉష్ణమాపకము, గడియారము, నోటుపుస్తకము ఉన్న చాలును. బయలునను, చెట్లనీడనను వేడిమి కొలిచి వ్రాసికొన్న నాలుగు అంకెలు, అరువు తెచ్చుకొన్న నలుబది పేర్లకంటె విలువైనవి.