నడిసముద్రమున విందుడుపులు

సౌతాంప్టన్ రేవులో మా పెట్టెలన్నియు ఓడవారి కప్పగించి, ఒక చిన్న పెట్టెను మాత్రము నేను చేత విడువక నిలిచియుండగా మావారు చూచి, “అందులో ఏముందని అంత భద్రంగా మోస్తున్నావు?” అని అడిగిరి. పాత మల్లు పంచె ముక్కలో చుట్టిన గద్వాల చీర యొకటి, దాని రవికయు లోపావడాయు, అట్టకు గ్రుచ్చిన డజను పిన్నీసులు, వాని క్రింద ఆయనకు తెలియకుండ నేను సర్దిన ఆయన నల్ల షేర్వాణీ అందుండెను. ఏడు రాత్రుల ప్రయాణమున రెండే రాత్రులకు పనికివచ్చు ఈ సంభారమునకై నెల దినములు ఆలోచించితినన్న వినువారికి వింతగా తోచవచ్చును గాని, పదిమందితో కూడి పంక్తిని కూర్చుండుటకు ముందు కాలుసేతులు కడిగికొని మడత నలగని వస్త్రమును ధరించుట మన యిండ్లలో పెండ్లికో వ్రతమునకో పరిమితమైపోయిన యీ దినములలో, ముఖపరిచయమైన లేనివారితో భుజించుటకై ప్రతి సాయంకాలము వస్త్రము మార్చుకొను ఆచారమును ఇంకను నిలుపుకొనిన చోటు ఒకటి నడిసముద్రమున నున్నదని తెలిసినప్పటినుండి నా మనస్సు దానియందే లగ్నమై యుండెను.

మేమెక్కిన ఓడ క్వీన్ మేరీ 2. 2004 జనవరిలో తొలి ప్రయాణము చేసినదియు, 345 మీటర్ల పొడవు గలదియు నగు ఆ నౌక నడుమ ఏ రేవునను ఆగక అట్లాంటిక్‌ను దాటి న్యూయార్కు చేరును. సాయంకాలము ఆరు గంటలు కాగానే అందలి పెద్ద భోజనశాలకును నాట్యశాలకును ఉడుపు నియమము వర్తించును. సామాన్యమైన రాత్రులలో పురుషులకు కాలరున్న చొక్కాయు మంచి పంట్లామును, స్త్రీలకు ఒద్దికైన దుస్తులును చాలును గాని, గాలా ఈవెనింగులని పేరు పెట్టిన రాత్రులలో పురుషులు టక్సీడోయో, డిన్నర్ జాకెట్టో, టై కట్టిన సూటో వేసికొనవలయును. స్త్రీలు నేల జీరాడు గౌనులు మొదలగు వానితో వత్తురు. ఆ నియమావళిలోనే మరియొక మాట కలదు: ఎవరి దేశపు మర్యాదాదుస్తులనైనను వారు ధరింపవచ్చును. మన యాత్రికులలో పెక్కండ్రు ఆ మాట వఱకు చదువక ముందే కోట్ల దుకాణమునకు పరుగిడుదురు. ముస్తాబునందు ఇష్టము లేనివారికి కింగ్స్ కోర్టు అను బఫే భోజనశాల ఉండనే యున్నది గనుక ఎవరికిని బలవంతము లేదు. ఇష్టపడి పాటించు నియమమగుటచేతనే దానిపై నాకింత గౌరవము.

మొదటి రాత్రి ఓడలో ముస్తాబు లేకుండుట పూర్వాచారము. ఆవిరియోడల కాలమున, దారిలో విప్పనక్కఱలేని పెద్ద పెట్టెలపై ‘ప్రయాణమున అక్కఱలేదు’ అను అర్థము గల ఆంగ్లపు చీటీ నంటించి అడుగున సరకుల కొట్టునకు దింపివైచెడివారు. అక్కఱ గలవానిని గదికి చేర్చుకొని, విప్పి, సర్దుకొనుసరికి మొదటి రాత్రి గడచిపోవుచుండెను. ఇక నేడు మర్యాదకు పరాకాష్ఠగా నెంచబడుచున్న డిన్నర్ జాకెట్టు పుట్టినది మర్యాదను కొంత సడలించుటకే యన్న సంగతి నాకు మిక్కిలి ప్రియమైనది. తరువాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి యైన వేల్స్ యువరాజు, సాండ్రింగ్‌హాంలోని తన యింట ఇష్టులతో కూడి భుజించునప్పుడు తోకకోటు ఎందుకని, 1865లో లండనునందలి సావిల్ రో దర్జీలైన హెన్రీ పూల్ వారిచే పొట్టి కోటు కుట్టించుకొనెను. న్యూయార్కునకు చేరువ నున్న టక్సీడో పార్కున 1886లో వెలసిన సంపన్నుల క్లబ్బు మూలమున దానికి అమెరికాలో టక్సీడో యను పేరు నిలిచెను. ఆ కోటు క్రింద నడుమునకు చుట్టు కమర్‌బండు పేరు పారసీకము. హిందుస్తానీ మీదుగా, మన దేశమున కొలువుచేసిన ఆంగ్ల సైనికోద్యోగుల నడుమున కెక్కి సీమకు పోయినది. మన తాతలు దానినే దట్టి యనిరి.

ఆ దట్టి దగ్గఱనే మా మొదటి గాలా రాత్రి కష్టములు మొదలయ్యెను. లండనులో ఒకానొక దుకాణమున మావారికై అద్దెకు తెచ్చిన సూటు భుజములవద్ద వదులు, మెడవద్ద బిగువు. చొక్కా ముందుభాగమున పెట్టవలసిన నల్ల బొత్తములు నాలుగింట మూడే యుండెను. సంచిలో నలిగి నలిగి చొక్కా వాడిన అరిటాకు వలె నుండెను. గదులలో ఇస్త్రీపెట్టె నిషిద్ధము. సముద్రము నడుమ నిప్పునకు మించిన భయము లేదు గదా. ఇస్త్రీకై వేఱుగ లాండ్రీ గదులు కలవు. ఆనాటి సాయంకాలము నాలుగు గంటలకు ఆ గదిలో చూచినది భోజనశాల దీపముల కన్న నాకెక్కువగా జ్ఞప్తియందున్నది. వీపు వంగిన ఆంగ్లేయ వృద్ధుడొకడు తన తెల్ల చొక్కాపై వ్రేళ్లతో నీరు చిలికి, ముందు కాలరును తిరగవేసి కొనలనుండి నడిమికి ఇస్త్రీని త్రోయుచు, పిమ్మట భుజముల పట్టీని, ఆపై చేతుల మణికట్టు పట్టీలను, చేతులను, వీపును సాపుచేసి, అందఱి కంటబడు ఎదభాగమును చిట్టచివరకు నిలిపికొనెను. కాలరును నడిమినుండి కొనలకు త్రోసినచో ముడుత కొనయందే నిలిచిపోవును. ఆ సంగతి నాకు మా యింటి ముందు బండి పెట్టుకొనిన ఇస్త్రీవాడు చెప్పియుండెను. నా వంతు రాగానే ఆ వృద్ధుడు బల్లను గుడ్డతో తుడిచి యిచ్చి, నా చేతిలోని దట్టిని చూచి, దాని కుచ్చులు పైకి తెఱచి యుండవలెనని వ్రేలితో చూపెను. దుకాణమువాడు క్రిందికి తెఱచునట్లు కట్టి చూపి పంపియుండెను! పడమరకు సాగు ప్రయాణమున అయిదు రాత్రులు గడియారమును ఒక్కొక్క గంట వెనుకకు త్రిప్పుదురు. అట్లు కలిసివచ్చిన గంటలలో ఒకటి నాకు ఆ బల్లవద్దనే వ్యయమయ్యెను. లేని బొత్తమునకు బదులు నల్లదారముతో చిన్న ముడి యల్లితిని. అయినను ఆ రాత్రి బ్రిటానియా అను ఆ పెద్ద భోజనశాలలో మావారు సూపు త్రాగుటకు సైతము మెడ వంచలేక, ప్రక్కవారితో నాలుగు మాటలాడక, ఎవరి కోటులోనో చిక్కుకొన్నవారివలె కూర్చుండిరి.

ఆయనను చూచుచుండగా మరియొక ప్రయాణికుడు నాకు స్మరణకు వచ్చెను. 1888లో పదునెనిమిదేండ్ల గాంధీ సీమకు పోవుచు, ఓడలో ముండ్లచెంచా పట్టుట తెలియక, ఏ పదార్థమున మాంసమున్నదో అడుగుటకు ధైర్యము చాలక, బల్లవద్దకు పోకయే గదిలో తాను తెచ్చుకొన్న మిఠాయిలను పండ్లను తిని గడపినట్లును, ఓడలో నల్లసూటు తొడిగి, తెల్ల ఫ్లానెల్ సూటును దిగునాటికై దాచుకొని, తీరా సౌతాంప్టన్‌లో దిగి చూడగా సెప్టెంబరు చివరిదినములలో తెల్లబట్టలవాడు తానొక్కడే యై సిగ్గుపడినట్లును ఆత్మకథలో వ్రాసికొనెను. ఆయనయే నలుబదిమూడేండ్ల తరువాత, 1931 నవంబరులో, బకింగ్‌హాం రాజమందిరమున ఐదవ జార్జి యిచ్చిన తేనీటి విందునకు మోకాళ్లు దాటని ఖద్దరు పంచెతో, పైన శాలువతో వెళ్లెను. ఇంత పెద్ద విషయమును విందుభోజనపు ముచ్చటలోనికి దింపుట తగునా యని సంకోచించితిని. కాని ఆ కుఱ్ఱవాని తెల్లసూటు ఎదుటివారు ఏమనుకొందురో యను తలపుతో దాచుకొన్నది. ఆ భయమే ఆ రాత్రి నా యెదుట బిగిసిన కాలరు రూపమున కూర్చుండియుండెను.

రెండవ గాలా రాత్రి నేను ముందుగనే గదిలో తలుపు వేసికొంటిని. కదలని నేలపై చీర కట్టుట మనకు చిన్ననాటి విద్యయే గాని, ఒరగు నేలపై కట్టుట వేఱు. మొదట జోళ్లు తొడిగికొని పిమ్మటనే చీర చుట్టవలెను. లేనిచో అంచు ఎత్తు కుదురదు. ఇంట నేల తాకునట్లు కట్టు చీరను ఓడలో వ్రేలెడు పైకి కట్టవలయును, గడపలును మెట్లును అడుగడుగున కాలి కడ్డుపడును గనుక. అద్దము ముందు నిలువక, మంచపుటంచునకు కాళ్లు ఆనించి, పాదములు కొంచెము ఎడము చేసి, జానెడు వెడల్పున ఆఱు కుచ్చిళ్లు పోసి, వానిని ఎడమచేత బిగియ బట్టి, ఓడ ఒకవైపున కొరిగి మరల సమమగు క్షణమునకై వేచి, ఆ క్షణమున బొడ్డులో దోపితిని. పైటకు భుజముపై రెండు పిన్నీసులు, ఒకటి పైకి కనబడకుండ రవిక లోపలినుండి. పై అంతస్తున గాలికి ఒక్క పిన్నీసు ఆగదు.

గద్వాల చీరనే ఏల తెచ్చుకొంటివని అడుగువారుందురు. నా చీరలో మేను నూలు, అంచును కొంగును పట్టు. మగ్గముమీదనే పోగును పోగును పెనవేసి ఆ రెంటిని కలుపుదురు. నూలగుటచే నడుమున జాఱదు, పట్టగుటచే దీపము వెలుతురున కొంగు నిండుగా నిలుచును, కంచి పట్టుచీరతో పోల్చిన బరువు తక్కువ. జరీకి సెంటు తగులనీయరాదు. అందువలన సెంటు ముందు, చీర వెనుక. భోజనశాలలోని చల్లగాలికి పలుచని శాలువ యొకటి ఎవరికైనను అవసరము.

మంచముపై పఱచిన షేర్వాణీని చూచి మావారు, “ఇది ఎప్పుడు పెట్టావు?” అనిరి.

“మీరు ఆ కోటు అద్దె బేరమాడుతున్నప్పుడే,” అంటిని.

మా అమ్మాయి పెండ్లికి హైదరాబాదు పాతబస్తీ దర్జీ కుట్టిన వస్త్రమది. దానికి టై లేదు, దట్టి లేదు, నాలుగవ బొత్తము పోవునను చింత లేదు. నిలువు కాలరు ఆయన మెడకై కొలిచి కత్తిరించినది. తొడిగికొనినంతనే ఆయన నడక మారెను. మెట్లవద్ద లాండ్రీ గది వృద్ధుడు ఎదురై, మాట కన్న ముందు చూపును ఆ కాలరు కుట్టుపై నిలిపి, దర్జీ యెక్కడివాడని అడిగెను. ఆ రాత్రి భోజనశాలలో మావారు మా బల్లనున్న కొత్తవారికి హైదరాబాదు సంగతులు చెప్పుచుండగా వడ్డనవారు రెండుసార్లు వచ్చి వేచి మరలిపోయిరి.

పంచె కట్టుకొని పోవచ్చునా యని కొందఱు అడుగుదురు. నిస్సందేహముగ పోవచ్చును; జరీయంచు పంచె, ఇస్త్రీ నలగని పట్టు లాల్చీ, భుజమున ఉత్తరీయము ఏ సభయందైనను నిండైన ఉడుపే. అయితే దానిని లుంగీవలె చుట్టక గోచి పోసి కట్టవలెను. కట్టుట రానివారు ప్రయాణమునకు ముందు నెల్లాళ్లు ఇంట కట్టి నడచి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చుండి అలవాటు చేసికొనవలెను. కుట్టి, అంటించుకొనుటకు పట్టీలు పెట్టి అమ్ముచున్న పంచెలను నేను అంగీకరింపలేను. పంచె అందము ప్రతిసారి క్రొత్తగా పోసికొను కుచ్చెళ్లలో నున్నది.

చివరి రాత్రి పెట్టెలను గది వెలుపల ఉంచవలెను గనుక ముస్తాబు లేదు. జరీచీరను పాత మడతమీదనే మరల మడిచిన జరీ విఱుగును. మడత మార్చుట ఒక్కరి వలన కాదు. మావారు తలుపు చెంత కొంగు అంచులు పట్టుకొనగా, నేను కిటికీ చెంత లోచెంగు పట్టుకొంటిని. ఓడ ఒరిగినప్పుడు చీర మా నడుమ బిగిసి, నిలిచినప్పుడు వదులయ్యెను. “గట్టిగా పట్టుకోండి,” అంటిని. ఆయన ఒక్కొక్క అడుగు వేసి వచ్చి, తన చేతి అంచులను నా చేతి అంచులలో కలిపి, క్రిందికి వ్రేలాడు మడతను వంగి అందుకొనిరి.