కటకటాల చోట కందకం

హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో పులులు, సింహాలు ఉండే చోట పిట్టగోడ దగ్గర నిలబడితే ఎదురుగా గడ్డి, చెట్లు, గట్టు కనిపిస్తాయి. తల కిందికి వంచితేనే కందకం తెలుస్తుంది. జంతువును ఆపుతున్నది అదే, మనిషిని కాపాడుతున్నదీ అదే. సహజ ఆవాస జూ అనే ఆలోచన ఈ కందకంతోనే మొదలైంది.

దీనికి మొదటి రూపమిచ్చినవాడు జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన కార్ల్ హాగెన్‌బెక్. తండ్రి చేపల వ్యాపారి. కొడుకు అడవి జంతువులను సర్కస్‌లకు, జూలకు అమ్మి యూరప్ అంతటా పేరుమోశాడు. అప్పట్లో జూ అంటే వరసగా బోన్లు, గట్టి నేల, ఇనుప చువ్వలు. చువ్వలు అక్కర్లేని ప్రదర్శన పద్ధతికి ఆయన 1896లో పేటెంటు తీసుకున్నాడు. 1907లో హాంబర్గ్ పక్కనే స్టెల్లింగెన్‌లో దాన్ని కట్టి చూపించాడు. సందర్శకుడు ఒక చోట నిలబడితే ముందు కొలనులో నీటిపక్షులు, ఆ వెనక మేసే జంతువులు, ఇంకా వెనక సింహాలు, అన్నిటికన్నా పైన బండల మీద కొండమేకలు. అన్నీ ఒకే నేల మీద కలిసి తిరుగుతున్నట్టు ఉండేది. నిజానికి వాటి మధ్య కందకాలున్నాయి. వెనక్కి పోయేకొద్దీ నేల ఎత్తు పెంచి, అంచుల్లో మొక్కలు నాటి, కందకాలు కంటపడకుండా చేశారు. బండలు కూడా మనిషి చేసినవే. స్విట్జర్లాండ్ శిల్పి ఉర్స్ ఎగెన్‌ష్విలర్ వాటిని తీర్చాడు.

కందకం ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలో అప్పటికి చెప్పగలిగినవాళ్లు లేరు. హాగెన్‌బెక్ జంతువులనే అడిగి తెలుసుకున్నాడు. లోపల కూరి బొమ్మలా నిలబెట్టిన చచ్చిన పావురాన్ని ఎత్తయిన కొమ్మకు అమర్చి, పెద్దపిల్లులు దాన్ని అందుకోవడానికి ఎంత ఎత్తు ఎగురుతాయో చూశాడు. ఈనాటికీ ప్రతి ఎన్‌క్లోజరు కొలతల వెనకా ఇలాంటి పరిశీలనే ఉంటుంది. ఏనుగు ఎగరలేదు కాబట్టి దాన్ని ఆపడానికి వెడల్పాటి కందకం అక్కర్లేదు. చింపాంజీకి ఈత రాదు, అందుకే దానికి నీళ్లు చాలు. అయితే జారిపడితే మునిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లలోనూ జాగ్రత్తలు కావాలి. గడ్డి మేసే జంతువులకైతే సందర్శకుల వైపు నిటారు గోడ, జంతువు వైపు ఏటవాలు దిగుడు. పొరపాటున దిగినా నడిచి పైకి వచ్చేస్తుంది, కాలు విరగదు. జంతువు వైపునుంచి కూడా ఆలోచించి గీసిన గీత అంటే ఇదీ.

ఇంత మంచి ఆలోచన చేసిన మనిషే 1870ల నుంచి ఉత్తర యూరప్‌కు చెందిన సామీ తదితర జాతుల మనుషులను తెచ్చి టికెట్టు పెట్టి చూపించాడన్నదీ చెప్పాలి. ఆయన వ్యాపారంలో పిల్ల జంతువులను పట్టడానికి తల్లులను చంపడం మామూలే. స్టెల్లింగెన్‌లోని ఆ దృశ్యాలన్నీ చూసేవాళ్ల కళ్ల కోసం కట్టినవి. లోపలున్న ప్రాణికి ఏం కావాలన్నది తర్వాతి వాళ్లు వేసిన ప్రశ్న.

ఆ ప్రశ్నను గట్టిగా వేసినవాడు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హైనీ హెడిగర్. ఎన్ని గజాల చోటిచ్చామన్నదానికంటే ఆ చోటులో ఏముందన్నది ముఖ్యమని ఆయన వాదించాడు. నీడ ఉందా, దాక్కోవడానికి పొద ఉందా, ఒళ్లు రుద్దుకోవడానికి మాను ఉందా, మనిషి మరీ దగ్గరికొస్తే వెనక్కి తగ్గడానికి దారి ఉందా? 1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్ వుడ్‌లాండ్ పార్క్ జూలో గొరిల్లాలకు నిజమైన పచ్చదనం మధ్య చోటు కట్టినప్పుడు ఈ ఆలోచన కళ్లకు కట్టింది. సిమెంటు బండలు ఎంత అందంగా ఉన్నా, మే నెల మిట్టమధ్యాహ్నం పులి పడుకోవడానికి నీడ లేకపోతే అది సహజ ఆవాసం కాదు.

హాగెన్‌బెక్ కుటుంబం చెయ్యి మన దేశం దాకా వచ్చింది. 1959 నవంబరులో తెరిచిన ఢిల్లీ జూ రూపకల్పనలో వాళ్లున్నారు. అదే ఏడాది అక్టోబరు 26న హైదరాబాద్ జూ ఏర్పడింది. బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, ఉన్న జంతువులను మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లోకి తరలించి, 1963 అక్టోబరు 6న జనానికి తెరిచారు. చెరువు, చెట్లు, రాతి గుట్టలు అక్కడ ముందే ఉన్నాయి. విశాఖలో కంబాలకొండ అడవి అంచున 1977లో, తిరుపతిలో శేషాచలం కొండల కింద 1987లో వచ్చిన జూలు కూడా ఉన్న అడవినే ఆసరా చేసుకున్నాయి.

సందర్శకులకు కనపడని భాగం మరొకటుంది: ఎన్‌క్లోజరు వెనక నైట్ హౌస్. సాయంత్రం కీపరు పిలిస్తే పులి తిండి కోసం తన గదిలోకి వస్తుంది. తలుపు బయటినుంచే జరుపుతారు. దగ్గరగా చూసి, గాయమేమైనా ఉందా, తిండి సరిగా తింటోందా అని గమనించేది అప్పుడే. కందకాన్ని కట్టేది ఇంజినీరు, జంతువు రోజూ తన ఇష్టంతో లోపలికి వచ్చేలా చేసేది కీపరు. ఈ రెండో నైపుణ్యానికి మనం ఇచ్చే గౌరవం చాలా తక్కువ.

నెహ్రూ జూ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కూడా తెర వెనకే జరిగింది. నల్లమలలో ఉండే మూషిక జింక ఎత్తు సుమారు ఒక అడుగు. పగలు పొదల్లో నక్కి ఉండే పిరికి జంతువు. సీసీఎంబీ పరిశోధనా సంస్థకు చెందిన లాకోన్స్ కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి 2010లో ఇక్కడ, సందర్శకుల రద్దీకి దూరంగా, వాటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. అక్కడ పుట్టినవాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. జనం కళ్లకు దూరంగా ఉంచారు కాబట్టే అవి నిలిచాయని నా నమ్మకం.

అందుకే జూకి వెళ్లినప్పుడు పులి కనపడలేదని కేకలు వేయకండి, రాళ్లు విసరకండి, బిస్కెట్లు పారేయకండి. గేట్లు తెరవగానే వెళ్లండి, ఎండ ముదరక ముందే జంతువులు తిరుగుతుంటాయి. ఒక్క ఎన్‌క్లోజరు దగ్గర పావుగంట మాట్లాడకుండా నిలబడమని మీ పిల్లలకు చెప్పండి. అప్పటికీ అది పొద చాటునుంచి రాకపోతే, దాన్ని అలాగే ఉండనివ్వండి.