హోపీల మొక్కజొన్న: ఇసుక కింది పదునుతో సాగే మెట్ట సేద్యం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఈశాన్య భాగంలో, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఎడారి పీఠభూమిలో హోపీ అనే ఆదివాసీ జాతి వందల ఏళ్లుగా బావి గానీ కాలువ గానీ లేకుండా మొక్కజొన్న పండిస్తోంది. మెసా అని పిలిచే బల్లపరుపు కొండలు మూడింటి మీదా, వాటి పాదాల వద్దా వారి గ్రామాలలో ఎక్కువ భాగం ఉన్నాయి. వాటిలో ఒరైబీ అనే ఊరు 12వ శతాబ్ది నాటి నుంచి పాడుపడకుండా నిలిచి, ఆ దేశంలో ఎడతెగకుండా జనం నివసిస్తున్న అతి ప్రాచీన స్థలాలలో ఒకటిగా గుర్తింపు పొందింది. అక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన, కరిగే మంచు కలిపి 150 నుంచి 250 మిల్లీమీటర్లు మాత్రమే. తెలుగు నేలలో కరవు సీమగా పేరుపడిన అనంతపురానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని గుర్తు చేసుకుంటే, హోపీ రైతు ఎంత తక్కువ తడితో పంట తీస్తున్నాడో అర్థమవుతుంది.

ఈ సేద్యానికి మూలాధారం చలికాలపు మంచు. డిసెంబరు నుంచి మార్చి వరకు కురిసిన మంచు మెల్లగా కరిగి ఇసుకలోకి దిగుతుంది. ఆ ఇసుక కింద బంకమన్ను పొర ఉన్నచోట తడి ఇంకా లోతుకు జారిపోక అక్కడే నిలుస్తుంది. పైన ఎండిన వదులు ఇసుక కప్పులా ఉండి, కింది తేమ ఆవిరై పోకుండా కాపాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాన దాదాపు ఉండదు, పైగా గాలి విసురుగా వీస్తుంది. ఆ నెలల్లో మొలకకు తెలుగు రైతు ‘పదును’ అనే ఆ లోపలి తడి ఒక్కటే దిక్కు. జూలై, ఆగస్టు నెలల్లో ఉరుములతో వచ్చే జల్లులు కంకి గింజ కట్టడానికి పనికొస్తాయి గానీ, మొక్కను అప్పటిదాకా బతికించేది ఆ పాత మంచు తడే. అందువల్ల హోపీలు పొలాన్ని ఎంచుకునేటప్పుడు నేల సారం కంటే ముందు నీటి నడకను చూస్తారు: కొండవాలు నుంచి వచ్చే వాననీరు వేగం తగ్గి పలుచగా పరుచుకునే చోటు, గాలి పోగుచేసిన ఇసుకమేటల వాలు, వాగు ఒడ్డున ఒండ్రు చేరే మూల వారి దృష్టిలో మంచి పొలాలు. ఒక కుటుంబానికి ఇలాంటి చెక్కలు వేర్వేరు చోట్ల ఉండటం ముందుచూపుతో చేసుకున్న ఏర్పాటు, ఎందుకంటే వరద ఒక చెక్కను కొట్టుకుపోయిన ఏడు మరొకటి నిలుస్తుంది, వాన తప్పిన ఏడు ఇసుకమేట మీది చేను ఆదుకుంటుంది.

విత్తే కాలాన్ని సూర్యుడే చెబుతాడు. తూర్పు దిగంతంలో కొండల అంచున ఏ గుర్తు దగ్గర పొద్దు పొడుస్తున్నదో గమనించే బాధ్యత పూర్వం ఒక వ్యక్తికి అప్పగించి ఉండేది. ఆ గుర్తును బట్టి ముందుగా తీపి మొక్కజొన్న, తరువాత మే నడిమి నుంచి జూన్ వరకు ప్రధాన పంట వేసేవారు. తెలుగు రైతు కార్తెలను పట్టుకుని విత్తడం వెనుక ఉన్న లెక్క కూడా సూర్యగమనమే కావడం గమనించదగిన విషయం. ఇక విత్తే తీరు పూర్తిగా చేతిపని. రైతు పైనున్న పొడి ఇసుకను కాలితో పక్కకు నెట్టి, చివర చదునుగా చెక్కిన గట్టికర్రను నేలలోకి దించి, చేతికి చల్లగా తగిలే తడి ఇసుక వచ్చేవరకు గుంత లోతు చేస్తాడు. ఆ లోతు ఒక ఏడు అరడుగు కావచ్చు, మరో ఏడు అడుగు దాటవచ్చు. పదును ఎక్కడ మొదలైతే గింజ అక్కడ పడాలన్నదే నియమం. ఒక్కో గుంతలో పది, పన్నెండు గింజలు వేసి, ముందు తడిమట్టితో కప్పి, ఆపైన పొడి ఇసుకను వదులుగా పోసి, మూడంగలు నడిచి మరో గుంత తీస్తాడు. ఇన్ని గింజలు ఒకేచోట వేయడం దుబారా అనిపించవచ్చు. కానీ పురుగుకు, ఎలుకకు, గాలికి పోయినవి పోగా మిగిలిన మొక్కలు గుబురుగా పెరిగి ఒకదానికొకటి నీడగా, గాలికి అడ్డుగా నిలుస్తాయి. గుంతల మధ్య అంత ఎడం ఉంచడం కూడా తడిని బట్టి కట్టిన లెక్కే, ఎందుకంటే ఆ ఖాళీ నేలలోని పదును మొత్తం ఆ ఒక్క గుబురుకే దక్కుతుంది. మరుసటి ఏడు పాత మోళ్లను పీకకుండా వదిలి, వాటి నడుమ ఉన్న ఖాళీలో కొత్త గుంతలు తీస్తారు. మోళ్లు ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి, నిరుడు విశ్రాంతి తీసుకున్న నేల ఈసారి పంటకు వస్తుంది.

మామూలు మొక్కజొన్న గింజను ఇంత లోతున వేస్తే మొలక వెలుగు చూడకముందే చనిపోతుంది. సాధారణంగా ఆ గింజను రెండంగుళాలకు మించి లోతుగా విత్తరు. హోపీ గింజ మాత్రం అడుగు లోతు నుంచి కూడా పైకి రాగలదు. దీని రహస్యాన్ని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వృక్షశాస్త్రవేత్త గై కాలిన్స్ 1914లో వివరించాడు. గింజకూ మొదటి ఆకుల తొడుగుకూ మధ్య ఉండే లేత కాడ భాగాన్ని శాస్త్రజ్ఞులు మీసోకోటిల్ అంటారు. ఇతర రకాలలో పొట్టిగా ఆగిపోయే ఈ భాగం హోపీ రకాలలో ఎంతో పొడవు సాగి, ఆకు నేల లోపలే విచ్చుకోకుండా ఉపరితలం దాకా మోసుకొస్తుంది. అదే సమయంలో మొదటి వేరు నలువైపులా చీలక ఒక్కటే బలంగా కిందికి దిగి, తడి పొరను అందుకుంటుంది. మొక్క నాలుగైదు అడుగులకు మించి ఎదగదు, కంకులు నేలకు దగ్గరగా వస్తాయి, గాలికి పడిపోయే భయం తక్కువ. ఈ గుణాలు ఏ పరిశోధన కేంద్రంలోనూ పుట్టలేదు. లోతున వేసినప్పుడు పైకి రాగలిగిన గింజనే మళ్లీ విత్తనంగా దాచడం అనే పనిని తరతరాలుగా ఓపికతో చేయడం వల్ల అవి స్థిరపడ్డాయి. కర్రతో లోతుగా విత్తే పద్ధతి ఈ విత్తనాన్ని తయారు చేసింది, ఈ విత్తనం ఉన్నందువల్ల ఆ పద్ధతి నిలిచింది.

ఎకరానికి ఎన్ని బస్తాలు అనే కొలతతో చూస్తే ఈ పంట ఏ మాత్రం లెక్కకు రాదు. ఆ కొలత ఇక్కడ తప్పు. మోటారు, ఎరువు, అప్పు లేకుండా, 200 మిల్లీమీటర్ల తడితో ఒక కుటుంబానికి తిండి గింజలు, రాబోయే కరవుకు నిల్వ దక్కడమే దీని విలువకు సరైన కొలత. అలాగని ఈ పద్ధతిని యథాతథంగా రాయలసీమకు తెచ్చి నాటితే ఫలించదు, ఎందుకంటే అక్కడ చలికాలపు మంచు లేదు, ఎర్రనేలలకు ఇసుకమేటల గుణమూ లేదు. బోరు వెనుక బోరు తవ్వి నష్టపోయిన ఆ ప్రాంతపు రైతుకు ఇందులో పనికొచ్చేది ఒకటే: తన నేలలో తడి ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోతున ఉంటుందో తెలుసుకుని దానికి తగిన పాత విత్తనాన్ని వెతుక్కోవడం.

హోపీ సమాజంలో వంశం తల్లి వైపు నుంచి లెక్కకు వస్తుంది. పొలం కులగోత్రాల వంటి తల్లి వంశ సమూహాలది, సేద్యం పురుషులది, ఇంటికి చేరిన పంట మీద, విత్తనం మీద అధికారం స్త్రీలది. పసుపు, నీలం, ఎరుపు, తెలుపు రంగుల మొక్కజొన్నలను వారు నాలుగు దిక్కులకు ప్రతీకలుగా భావిస్తారు కాబట్టి ఆ రంగులు కలిసిపోకుండా చేలను ఎడంగా ఉంచడం భక్తికీ విత్తన శుద్ధికీ ఒకేసారి ఉపకరిస్తుంది. పెళ్లికూతురు వరుని ఇంటికి వెళ్లి కొన్ని రోజుల పాటు మొక్కజొన్న విసరడం అక్కడి వివాహ ఆచారంలో భాగం.

వంటింటి విద్య సేద్యానికి ఏ మాత్రం తీసిపోదు. పీకి అనే వారి రొట్టె మన ఆత్రేయపురం పూతరేకు లాగే కాగితమంత పలుచన. అక్కడ బోర్లించిన కుండ మీద గుడ్డతో బియ్యపు పిండిని పూస్తే, ఇక్కడ పుచ్చగింజల నూనెతో మెరుగుపెట్టిన వేడి రాతిపలక మీద స్త్రీలు వట్టి చేత్తో నీలి మొక్కజొన్న పిండిని ఒక్క విసురున పూసి, రేకు లేవగానే తీసి చుడతారు. ఆ పలకలు తల్లి నుంచి కూతురికి దక్కే ఆస్తి. పిండిలో నేల ఉప్పును పీల్చుకుని పెరిగే ఒక రకం పొదను కాల్చిన బూడిద నీళ్లు కలుపుతారు. ఆ క్షారం వల్ల పిండి నీలి రంగు నిలవడమే కాక, మొక్కజొన్నలో బిగుసుకుని ఉండే నియాసిన్ అనే విటమిన్ విడివడి ఒంటికి పడుతుంది, సున్నపు ధాతువూ అందుతుంది. ఈ కిటుకును పట్టించుకోకుండా మొక్కజొన్నను ప్రధాన ఆహారం చేసుకున్న ఇటలీలోను, 20వ శతాబ్ది తొలినాళ్లలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా వ్యాధి పేదలను పీడించింది. చర్మం కమిలి, విరేచనాలు పట్టి, చివరకు మతి చలించే జబ్బు అది. దక్కనులో జొన్న మీదే బతికిన పేదలలోనూ ఇది కనిపించడంతో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు, ముఖ్యంగా సి. గోపాలన్, 1960 దశకంలో దీనిపై లోతుగా పనిచేశారు. విటమిన్ల పేర్లు పుట్టకముందే బూడిద విలువ తెలుసుకున్న హోపీ స్త్రీలను శాస్త్ర చరిత్రలో చేర్చి గౌరవించాలి.

1540లో వచ్చిన స్పానిష్ దండు గానీ, 1629లో అవాటోవి గ్రామంలో వెలసిన క్రైస్తవ మఠం గానీ ఈ సేద్యాన్ని చెరపలేకపోయాయి. పుచ్చ, పీచు పండ్లు మాత్రం ఆ రాకపోకల వల్ల హోపీ తోటల్లో చేరాయి. నిజమైన దెబ్బ బొగ్గు వల్ల తగిలింది. బ్లాక్ మెసా గని నుంచి 273 మైళ్ల దూరంలోని నెవాడా విద్యుత్ కేంద్రానికి బొగ్గుపొడిని నీటిలో కలిపి గొట్టంలో పంపేందుకు 1970 ప్రాంతం నుంచి 2005 చివరి దాకా రోజుకు కోటి లీటర్లకు పైగా భూగర్భజలం తోడారు. మెసాల కింది ఊటలు సన్నగిల్లడానికి ఇదే కారణమని హోపీలు గట్టిగా పోరాడారు. దానికి తోడు ఈ శతాబ్దం మొదలైనప్పటి నుంచి వెన్నంటిన అనావృష్టి, ఉద్యోగాల కోసం పట్నాలకు తరలిన యువతరం వల్ల సాగు విస్తీర్ణం తగ్గింది. విత్తనాలను చల్లటి గిడ్డంగుల్లో భద్రపరిస్తే చాలదు, ప్రతి ఏడూ నేలలో లోతుగా పడి పైకి వచ్చే పరీక్షకు నిలబడితేనే ఆ గుణం మిగులుతుంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హోపీ రైతు, పరిశోధకుడు మైకేల్ కొటుట్వా జాన్సన్ వంటివారు ఈ విద్యను ప్రభుత్వ వ్యవసాయ పథకాలు గుర్తించాలని కోరుతున్నారు. ఆ కోరిక పూర్తిగా న్యాయమైనది.

ఫీనిక్స్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారు, గ్రాండ్ కేన్యన్ చూడవచ్చే బంధువులతో కలిసి 264వ నంబరు రహదారి మీదుగా ఈ గ్రామాలకు వెళ్లవచ్చు. రెండవ మెసా మీద హోపీ సాంస్కృతిక కేంద్రం ఉంది. ఊళ్లలో ఫొటో తీయడం, బొమ్మ గీయడం, మాటలు రికార్డు చేయడం నిషేధం. చాలా పూజలకు, నృత్యాలకు బయటివారిని రానివ్వరు. పొలంలోకి దిగాలన్నా, ఇసుకలో ఒక గుంత దగ్గర నిలబడి చూడాలన్నా ముందుగా ఆ ఊరివారి అనుమతి తీసుకుని, వారు వెంట పంపే మనిషితోనే వెళ్లండి.