వ్యాను కింద వంగి చూస్తే

కారు కొనే స్తోమత ఉండి కూడా వ్యాను కొన్నవాళ్ళను మన ఊళ్ళలో కాస్త వింతగా చూస్తారు. "సామాన్ల బండిలో ఇంటిల్లిపాదీ ఎలా తిరుగుతారండీ, నడుములు పోవూ?" అంటారు. అలా అడిగేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు మారుతి వ్యాను వెనక సీట్లో ఇరుక్కుని బడికో పెళ్ళికో వెళ్ళినవాళ్ళే. ఆ ఎగురుడు ఒంటికి గుర్తుంది. కానీ ఆ ఎగురుడు పనిరాని పనితనం వల్ల వచ్చింది కాదు. బండి కింద ఉన్నదాన్ని వంగి చూస్తే, తక్కువ డబ్బులో అంతకన్నా బాగా చెయ్యడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

అసలు చిక్కు బరువు దగ్గరుంది. మారుతి ఈకో ఐదు సీట్ల వ్యానునే తీసుకోండి. ఖాళీగా సుమారు 940 కిలోలు తూగుతుంది. నిండితే 1,500 కిలోల పైమాటే. ఎక్కిన బరువులో పెద్ద వాటా వెనక ఇరుసు మీదే పడుతుంది. పొద్దున డ్రైవరు ఒక్కడితో బయల్దేరిన బండే సాయంత్రం గిన్నెలూ గ్యాసు సిలిండర్లూ వంటవాళ్ళతో తిరిగొస్తుంది. మరి స్ప్రింగును ఏ బరువుకు తగ్గట్టు చెయ్యాలి?

స్ప్రింగుల మీద బండి సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు పైకీ కిందికీ ఊగితే ఒంటికి హాయి. రెండు దాటితే కుదుపు అనిపించడం మొదలవుతుంది. స్ప్రింగు మోసే బరువు రెట్టింపయితే ఊపు సుమారు 1.4 రెట్లు నెమ్మదిస్తుంది. నిండు బండిలో సెకనుకు ఒకటిన్నర ఊపులు వచ్చేలా స్ప్రింగు కట్టారనుకుందాం. అదే స్ప్రింగు మీద సగం బరువే ఉంటే ఊపు రెండు దాటిపోతుంది. పోనీ ఖాళీ బండికి హాయిగా ఉండేలా మెత్తగా కడితే, బరువెక్కగానే తోక నేలకు వాలుతుంది, గుంట తగిలినప్పుడల్లా ఇరుసు పైకొచ్చి కొడుతుంది. కాబట్టి ఖాళీ వ్యాను ఎగురుతోందంటే అది నిండు బరువు కోసం కట్టిన బండి అని అర్థం.

1984లో వచ్చిన మారుతి వ్యానుకు (తర్వాత దాన్నే ఓమ్ని అన్నారు, 2019 దాకా తయారైంది) వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉండేవి. వాటిని మోటు పని అని కొట్టిపారేసేవాళ్ళు ఒక్క కట్టను విప్పించి చూడాలి. ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పొడవు తగ్గుతూ ఉంటాయి. ఎందుకంటే వంపు వల్ల పడే ఒత్తిడి నడుమ ఇరుసు దగ్గర ఎక్కువ, కొసల దగ్గర దాదాపు లేనట్టే. ఒత్తిడి ఉన్నచోటే ఉక్కు పెట్టి, లేనిచోట మానేశారు. గ్రాము కూడా వృథా పోకూడదన్న లెక్క అది.

అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పట్టీలను విడదీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి, అవి అతుక్కోవు. కింది పట్టీకి పైదానికన్నా వంపు కొంచెం ఎక్కువ ఉంటుంది, అందుకని నడుమ సన్నని ఖాళీ కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగిస్తే ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఆ బిగింపుతో కింది పొట్టి పట్టీలు అన్నిటికన్నా పైనున్న పొడవాటి మెయిన్ పట్టీ కొసలను పైకి నెడతాయి. బరువు పడినప్పుడు అది వంగాల్సిన దిక్కుకు ఎదురుగా, ముందే కాస్త బిగువు ఎక్కుతుందన్నమాట. బ్రేకు వేసినప్పటి లాగుడూ, మలుపులో పక్కకు వచ్చే తోపుడూ కూడా ఆ మెయిన్ పట్టీయే భరించాలి గనుక, బరువు మొయ్యడంలో దాని వంతు ఇలా తగ్గించారు. కొలిమి దగ్గర ఆ వంపులను చేత్తో కుదిర్చే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్కలు కాగితం మీద అక్కర్లేదు, ఖాళీని కంటితో చూసి చెబుతారు.

కమాన్ కట్ట ఒక్కటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసును ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టుకుంటుంది, పట్టీల రాపిడితో ఊపును కొంత చంపుతుంది. కాకపోతే దాని రోగం కూడా ఆ రాపిడిలోనే ఉంది. చిన్న గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బకు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు, కట్టంతా ఒకే దిమ్మలా ఉండిపోతుంది. పెద్ద గుంటలో బాగానే పనిచేసే బండి, చిన్న చిన్న గతుకుల మీద పళ్ళు టకటకలాడించేది అందుకే.

ఇంటి బండి అయ్యేసరికి కొందరు ఒక పట్టీ తీసేయమంటారు. ఆ కోరిక చెప్పినప్పుడు విజయవాడ ఆటోనగర్లో కమాన్ పని చేసే ఒక మేస్త్రీ నవ్వేశాడు. "పట్టీ తీస్తే ఖాళీ బండి మెత్తగానే పోద్ది సార్. మీ అత్తగారి వాళ్ళు ఆరుగురు ఎక్కాక చూస్కోండి" అన్నాడు. ఆయన మాటలో శాస్త్రముంది. ఒక పట్టీ పోతే దాని వంతు బరువు మిగతావాటి మీద పడి అవి అలసిపోతాయి. బండి దిగిపోయి ఇరుసు రబ్బరు దిమ్మలకు తగులుతుంది. అక్కడితో మెత్తదనమూ సరి.

2010లో వచ్చిన ఈకోలో వెనక కమాన్ కట్టలు లేవు. ఇరుసు మాత్రం అదే రకం, రెండు చక్రాలనూ కలిపిన ఒకే గట్టి ఇరుసు. దాని మీద చుట్టల స్ప్రింగులు పెట్టారు. చుట్ట స్ప్రింగులో ఉక్కు ఉక్కుతో రాసుకోదు, అందుకని చిన్న గతుక్కి కూడా కదులుతుంది. అయితే అది బరువు మొయ్యడం తప్ప ఇంకేమీ చెయ్యదు. ఇరుసును పట్టుకోవడానికి వేరే చేతులు కావాలి. పొడవునా రెండు లింకులు, అడ్డంగా ఒక రాడ్డు పెట్టారు. అడ్డ రాడ్డు ఒక కొస ఇరుసుకీ ఇంకో కొస బాడీకీ బిగించి ఉంటుంది. అందుకే ఇరుసు లేచిన ప్రతిసారీ బాడీ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. వెనక సీట్లో కూర్చుని గతుకు దాటినప్పుడు నడుము దగ్గర పక్కకు తగిలే ఆ చిన్న తోపుడు దీనిదే. చెడ్డదేమీ కాదు, చౌకగా దొరికిన మెత్తదనానికి కట్టిన సుంకం.

నన్నడిగితే ఓమ్నికీ ఈకోకీ అసలు తేడా స్ప్రింగులో కన్నా పొడవులో ఎక్కువ ఉంది. ఓమ్నిలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 1,840 మిల్లీమీటర్లు, ఈకోలో 2,350. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే, ముందు చక్రం తగిలాక వెనక చక్రం తగలడానికి ఓమ్నిలో సెకనులో ఐదో వంతుకు కొంచెం పైన పడుతుంది. ఈకోకు మరికొంచెం ఎక్కువ గడువు దొరుకుతుంది. ముందుభాగం లేచి ఇంకా దిగకముందే తోక లేస్తే మనం ముందుకీ వెనక్కీ తూలిపోతాం. రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలో జనరల్ మోటార్స్‌కు వెళ్ళిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు 1930లలో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. వెనక స్ప్రింగుల ఊపు ముందువాటికన్నా కాస్త వేగంగా ఉంటే, ఆలస్యంగా మొదలైన తోక త్వరగా ముందుభాగాన్ని అందుకుంటుంది, బండి మొత్తం ఒక్కసారే లేచి ఒక్కసారే దిగుతుంది. కార్లకు ఇది బాగా కుదిరింది. వ్యానులో మాత్రం సామాను ఎక్కేకొద్దీ వెనక ఊపు నెమ్మదించి లెక్క తిరగబడుతుంది.

ఇదే చిక్కును వోక్స్‌వ్యాగన్ వాళ్ళు 1950 నాటి తమ వ్యానులో ఇంకో దారిన విప్పారు. డ్రైవరు ముందు చక్రాల మీద, ఇంజను తోకలో, సామానంతా రెండు ఇరుసుల మధ్య. ఎంత ఎక్కించినా బరువు రెండు వైపులా దాదాపు సమానంగా పడేది. బదులుగా వెనక అరుగు ఎత్తయి, సామాను ఎక్కించేవాళ్ళ నడుములు వంగాయి. మారుతి వ్యానును రూపొందించిన సుజుకీ వాళ్ళు ఇంజనును ముందు సీట్ల కిందకు తెచ్చి, వెనక చదునైన నేల ఇచ్చారు. ఎండాకాలం ముందు సీటు కింద నుంచి వచ్చే వేడిని మాత్రం ఎంత మెచ్చుకోలు మనసున్నా క్షమించలేం.

ఇంటికి వ్యాను వాడేవాళ్ళు స్ప్రింగుల జోలికి పోకుండానే కొంత సుఖం రాబట్టుకోవచ్చు. టైరులో గాలి కూడా స్ప్రింగే. నిండు బరువుకు కొట్టించిన గాలితో రోజూ ఒక్కరే తిరిగితే ప్రతి గులకరాయీ తెలుస్తుంది, కంపెనీ వాళ్ళు ఖాళీ బండికీ నిండు బండికీ విడిగా చెప్పిన అంకెలు చూసి కొట్టించాలి. లింకుల కొసల్లో రబ్బరు బుష్‌లు ఎండి చీలితే చుట్ట స్ప్రింగు కూడా మోటుగానే అనిపిస్తుంది, వాటిని మార్పించడానికి పెద్ద ఖర్చవదు. సీట్ల సంగతికొస్తే, మూడో వరస ఉన్న బండిలో అది దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది, దెబ్బంతా అక్కడే. రెండు ఇరుసుల నడుమ ఉన్న మధ్య వరసకు తూలుడు తక్కువ. నడుము నొప్పి ఉన్న మామ్మగారిని అక్కడ కూర్చోబెట్టి, పిల్లలను వెనక్కి పంపండి. వాళ్ళకు ఎగరడమే కావాలి.