ముడత గుడ్డు

ఈ వారం కాశీబుగ్గ మార్కెట్లో ఒకావిడ నాటుకోడి గుడ్డొకటి ఎత్తి పట్టుకుని, "ఇదేటమ్మా, పెంకు ఇలగ ముడతలు పడిపోనాది? కోడికి కరోనా గానీ వచ్చినాదేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఆ నవ్వే నచ్చలేదు.

2020 ఫిబ్రవరి నెలాఖరున హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిన్నారు గుర్తుందా, కోడి వల్ల కరోనా రాదని చెప్పడానికి? నిజమే చెప్పారు. అయితే కోడి కరోనా కోడికుంది. మనదానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే, 1931లో, అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లల దగ్గుజబ్బుగా దాని గురించి రాశారు. ఫారాల వాళ్లు ‘ఐబీ’ అంటారు. మనిషికి అంటదు. గుడ్డు దిగే నాళాన్ని పట్టుకుంటే పెంకు ముడతలు పడుతుంది, తెల్లసొన నీళ్లలా జారిపోతుంది. ముడతపడ్డ ప్రతి గుడ్డూ ఐబీదే కాదు, ముసలి పెట్ట కూడా అలాగే పెడుతుంది. పసితనంలో సోకితే మరీ విడ్డూరం: పెట్ట నిగనిగలాడుతూ ఎదుగుతుంది, గూట్లో కూర్చుంటుంది, ఒక్క గుడ్డూ పెట్టదు. అలాంటిదానికి మావాళ్లు దిష్టి తీస్తారు. ఆపైన వచ్చే ఆదివారం అది ఉండదనుకోండి.

కిడ్నీ ఊసు లేకుండా ఈ కాలమ్ సాగదని మీకు తెలుసు. ఈ వైరస్‌లో కొన్ని రకాలు కోడి మూత్రపిండాలనే పట్టుకుంటాయి. అలాంటి కొత్త రకం మన దేశంలోనూ ఉందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి మాత్రం దీన్ని ముడిపెట్టకండి. నీళ్ల మీదా పురుగుమందుల మీదా ఉన్న అనుమానాలు చాలు, కోడిని కూడా బోనెక్కించొద్దు.

2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు మనుషుల కరోనా సోకితే సీసీఎంబీ పరిశోధన సంస్థ పరీక్షలు చేసి తేల్చింది. పెరట్లో పెట్ట గురగురలాడితే కోసి చూసేదెవరు, కూరకి తప్ప?

నేను నాటుకోడి పక్షపాతిని. ఫారం కోడిని ఇక్కడ ఎన్నిసార్లు తిట్టానో పాత పాఠకులకి తెలుసు. ఈ ఒక్క సంగతిలో దానిదే పైచేయి. కళ్లు తెరిచిన కొద్ది రోజుల్లోనే దానికి ఐబీ టీకా పడుతుంది. జీడితోటల్లో తిరిగే నా పెట్టకి కొక్కెర తెగులు చుక్క పడితే అదే గొప్ప.

టీకా సీసాలో వందల డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఐదు పెట్టలున్న ఇంటివాళ్లు అది కొని ఏం చేసుకుంటారు? పశువుల డాక్టరుని అడిగి, కోళ్లు గూళ్లకి చేరే వేళ వీధంతా ఒకేసారి వేయించుకోవాలి. మా వీధిలో కదిపి చూశాను. అందరూ సరేనన్నారు. పుంజుల్ని పట్టుకునేదెవరన్న దగ్గర ఆగింది.