యుద్ధక్రీడలో దృష్టికోణం: 'రాజీ' వీడియో గేమ్ – తోలుబొమ్మల తెర

వ్యాససంగ్రహం: గుంపులుగా పైబడే శత్రువులను కత్తి, శూలం వంటి ఆయుధాలతో ఎదుర్కొనే వీడియో గేములను 'హాక్ అండ్ స్లాష్' అంటారు. వీటిలో కెమెరా ఎవరి అధీనంలో ఉన్నదన్న అంశం పోరాటశైలిని నిర్దేశిస్తుందని, 'రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్' ఆటకు తోలుబొమ్మలాటతో గల అసలైన సామ్యం ఇక్కడే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, కెమెరా, దృష్టికోణం, తోలుబొమ్మలాట, మాధవపట్నం.

1.0 ప్రవేశిక
పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో 'రాజీ'ని విడుదల చేసింది. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం ఒక బాలిక దుర్గాదేవి అనుగ్రహంతో చేసే పోరాటమే ఇందులోని ఇతివృత్తం. ఇతివృత్తాన్ని మాత్రమే చర్చిస్తే ఆట రూపం విమర్శకు అందదు. నవలలో కథ ఎవరి దృష్టికోణం నుంచి సాగుతున్నదని ప్రశ్నిస్తాం. యుద్ధక్రీడ విషయంలోనూ అదే ప్రశ్న వేయాలి.

2.0 కెమెరా – పోరాటశైలి
'డెవిల్ మే క్రై' (2001)లో కెమెరా స్థానాలను చాలావరకు రూపకర్తలే ముందుగా నిర్ణయించారు. 'గాడ్ ఆఫ్ వార్' (2005) కూడా ఈ పద్ధతినే అనుసరించింది. కెమెరాను తిప్పే అవసరం లేనందున కంట్రోలర్‌లోని కుడి స్టిక్‌ను దెబ్బ తప్పించుకోవడానికి కేటాయించారు. చూపు బాధ్యత తొలగడంతో చేతికి మరో యుద్ధక్రియ దక్కింది. 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్'లో కెమెరా నాయకుని భుజం వెనుకకు చేరింది. దాన్ని తిప్పే పని ఆటగాడిదైంది. వెనుక నుంచి వచ్చే శత్రువు కనిపించడు కనుక బాణపు గుర్తులు, కొడుకు హెచ్చరికలు ఆ లోటును పూరిస్తాయి. దూరపు స్థిరదృష్టి గుంపుతో పోరుకు అనువైనది. సమీపదృష్టి ద్వంద్వయుద్ధపు ఒత్తిడిని పెంచుతుంది. ఆటగాళ్ల అభిరుచిభేదానికి మూలం ఇదే: ఒకరు యుద్ధాన్ని సమగ్రంగా చూడగోరుతారు, మరొకరు యుద్ధం నడుమ ఉండగోరుతారు.

3.0 తోలుబొమ్మల తెర
కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. ఈ కళలో తెర స్థిరం, ప్రేక్షకుని చూపూ స్థిరమే. అందువల్ల యుద్ధపు భారమంతా బొమ్మ ఆకృతిపైన, కదలికపైన పడుతుంది. రావణుని తలలను ఒకే తలంపై వరుసగా పరచి చూపడం ఈ అవసరం నుంచి పుట్టిన రూపకల్పనే. బొమ్మను తెరకు ఆనిస్తే రేఖ స్పష్టమవుతుంది, వెనుకకు జరిపితే మసకబారుతుంది. సామీప్యం, దూరం అనే భేదాన్ని ఇక్కడ కళాకారుని చేయి సాధిస్తుంది.

4.0 'రాజీ'లో సామ్యం, లోపం
'రాజీ' తన కథాఘట్టాలను నీడబొమ్మల రూపంలో చూపుతుంది. ఆ ఘట్టాలను ఆటగాడు చూస్తాడే గాని ఆడడు. కనుక అక్కడ సంప్రదాయం అలంకారంగానే మిగిలింది. పోరుఘట్టాలలో కెమెరా ఎత్తున, దూరాన ఉంటుంది. ఆటగాడు దాన్ని తిప్పలేడు. స్తంభాలను, గోడలను ఆధారం చేసుకొని రాజీ చేసే విన్యాసాలు స్పష్టంగా కనిపించడానికి ఈ నియంత్రణే కారణం. తెర నియమం ఆటలో క్రియారూపం పొందినది ఇక్కడే. అయితే ఈ దూరం వల్ల బాలిక ముఖంలోని భయం పోరువేళ కనుమరుగవుతుంది. తోలుబొమ్మలాటలో ఈ లోటును పద్యం, సంవాదం పూరిస్తాయి. ప్రతినాయకునికీ అక్కడ మాట ఉంటుంది. 'రాజీ'లో గుంపుగా వచ్చే అసురులకు అటువంటి మాట లేదు. వారు నరకడానికే మిగిలారు.

5.0 ముగింపు
స్థిరమైన కెమెరాను సాంకేతిక పరిమితిగా కొట్టివేయడం సరికాదు. అది ఒక కథనపద్ధతి. ఆ పద్ధతిని స్వీకరించిన ఆట, దూరం వల్ల పోయే భావాన్ని మరో మార్గంలో అందించాలి. 'రాజీ' మొదటిది సాధించింది, రెండవదాన్ని కథాఘట్టాలకు వదిలివేసింది. పురాణకథల ఆటలను పరిశీలించే తెలుగు పరిశోధకులు పాత్రల పేర్లతో పాటు చూపు ఎవరి చేతిలో ఉన్నదో కూడా గుర్తించడం అవసరం.