ప్రతిపదార్థానికి రసాయన శాస్త్రం ఉందా? – విమర్శనాత్మక పరిశీలన

ప్రతిపదార్థం, అంటే యాంటీమాటర్, పదార్థంతో కలవగానే రెండూ నశించి శక్తిగా మారతాయి. కనుక దానికి రసాయన శాస్త్రమే ఉండదని కొందరి వాదన. ఎలక్ట్రాన్‌కు ప్రతికణమైన పాజిట్రాన్ ఆధారంగా పెట్ స్కాన్ జరుగుతోంది కనుక ప్రతిపదార్థ రసాయన శాస్త్రం ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉందని మరికొందరి వాదన. ఈ రెండింటినీ పరిశీలిద్దాం.

1. పెట్ స్కాన్ వాదన

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం మందుల పరిశ్రమల్లో పనిచేస్తూ చదువుకునేవారికి ఒక విషయం తెలిసిందే. అక్కడ తయారైన సరుకును డ్రమ్ముల్లో నింపి నెలల తరబడి నిల్వ చేయవచ్చు. పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్‌డీజీ విషయంలో అది కుదరదు. సైక్లోట్రాన్‌లో ఆక్సిజన్-18 ఉన్న నీటిని ప్రోటాన్లతో తాడనం చేసి ఫ్లోరిన్-18 తయారుచేస్తారు. దాన్ని గ్లూకోజ్‌ను పోలిన అణువులో చేర్చి, శుద్ధిచేసి, రోగికి ఎక్కిస్తారు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే. శుద్ధికి అదనంగా 110 నిమిషాలు తీసుకుంటే, ఒక్క చుక్క ఒలకకపోయినా సగం రేడియోధార్మికత పోయినట్లే.

అయితే ఈ చర్యలన్నింటిలో పాల్గొనేది రసాయనికంగా మామూలు ఫ్లోరినే. అప్పటికి ఆ పాజిట్రాన్ పుట్టనేలేదు. గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకునే కేన్సర్ కణాల్లో ఎఫ్‌డీజీ చేరాక, కేంద్రకం క్షయమైనప్పుడే అది పుడుతుంది. దగ్గరలోని ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి, సాధారణంగా 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండింటిని ఇస్తుంది. ఇక్కడ రసాయన శాస్త్రం పాజిట్రాన్ ఎక్కడ పుట్టాలో నిర్ణయిస్తుందే గాని, దానితో బంధం ఏర్పరచదు. కనుక ఈ వాదన అతిశయోక్తి.

2. ‘నశిస్తుంది కనుక లేదు’ అనే వాదన

ఇదీ నిలవదు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పాజిట్రోనియాన్ని మార్టిన్ డాయిష్ 1951లో కనుక్కున్నారు. దాని రూపాల్లో ఎక్కువ కాలం మనేది శూన్యంలో సగటున 142 నానోసెకన్లు ఉంటుంది. హైడ్రోజన్ అణువులో బంధం ఒకసారి కంపించడానికి పట్టేది దాదాపు 8 ఫెమ్టోసెకన్లే. అంటే పాజిట్రోనియం జీవించే కాలంలో ఆ బంధం కోటిసార్లకు పైగా కంపిస్తుంది. రెండు పాజిట్రోనియాలు కలిసి అణువుగా ఏర్పడటాన్ని కాసిడీ, మిల్స్ 2007లో ప్రకటించారు. పాలిమర్‌లోని సూక్ష్మ ఖాళీల పరిమాణాన్ని బట్టి పాజిట్రోనియం ఆయువు మారుతుంది. దాని ద్వారా ఆ ఖాళీలను కొలుస్తున్నారు కూడా.

3. నిర్ణయం

ప్రతిపదార్థానికి రసాయన శాస్త్రం ఉంది. అయితే దాన్ని చూడవలసింది ఎఫ్‌డీజీలో కాదు, పాజిట్రోనియంలో. ఒక కణం ఆయువు చాలునా, చాలదా అన్నది మన గడియారాన్ని బట్టి కాక, చర్యకు పట్టే కాలాన్ని బట్టి తేల్చాలి. ఎఫ్‌డీజీ తయారీకీ ఇదే కొలమానం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఉదయం 6 గంటలకు సిద్ధమైన ఎఫ్‌డీజీలో 9.40కి ఎన్నో వంతు రేడియోధార్మికత మిగులుతుంది?